ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి చిన్నపిల్లలతో వెళ్తున్నారా? స్ట్రోలర్ కావాలో వద్దో ఇలా తేల్చుకోండి

అమెరికాలో ఉన్న మన కుటుంబాల్లో ఓర్లాండో ట్రిప్ అనుకోగానే టికెట్లు, హోటల్, ఏ రోజు ఏ పార్కు అన్న చర్చ వారాల తరబడి నడుస్తుంది. స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండి) మాట మాత్రం బయల్దేరే ముందు రాత్రి, సూట్‌కేసులు మూసేటప్పుడు వస్తుంది. "నాలుగేళ్ళు నిండాయి, ఇల్లంతా పరుగులు పెడుతున్నాడు, వాడికి బండెందుకమ్మా?" అని ఇండియా నుంచి వచ్చిన తాతయ్య అంటారు. "రాత్రి వాణ్ణి ఎవరు మోస్తారు నాన్నా?" అని కూతురు అడుగుతుంది. నా ఓటు కూతురికే. పిల్లవాడు నడవగలడా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. పొద్దున తొమ్మిదింటికి ఏ పిల్లవాడైనా నడుస్తాడు. రాత్రి తొమ్మిదిన్నరకి, నిద్ర ముంచుకొచ్చినప్పుడు, పార్కు గేటు నుంచి మంచం దాకా ఎలా చేరతాడన్నది ముందే తేల్చుకోవాలి. దాన్ని ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. ఈ కింది వరుసలో వెళ్ళండి.

1. ముందు దూరం లెక్క వేయండి

వాల్ట్ డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు, నాలుగు. 1971లో మొదలైన మ్యాజిక్ కింగ్‌డమ్, 1982లో వచ్చిన ఎప్‌కాట్, 1989 నాటి హాలీవుడ్ స్టూడియోస్, 1998లో తెరిచిన యానిమల్ కింగ్‌డమ్. పొద్దున్నే లోపలికి వెళ్ళి బాణసంచా చూసి బయటికొచ్చిన పెద్దవాళ్ళ ఫోనులో పది కిలోమీటర్ల పైన కనిపించడం మామూలే. మీరు ఒక అడుగు వేసే చోట నాలుగేళ్ళ పిల్ల రెండు వేస్తుంది. పైగా పిల్లలు తిన్నగా నడవరు. ముందుకి ఉరుకుతారు, వెనక్కి వస్తారు, ఫౌంటెన్ చుట్టూ తిరుగుతారు.

నాలుగు పార్కులకీ ఒకటే లెక్క పనికిరాదు. నడక ఎక్కువగా ఉండేది ఎప్‌కాట్‌లో. వెనక భాగంలో సరస్సు చుట్టూ పదకొండు దేశాల పెవిలియన్లు ఉంటాయి. ఒక్క చుట్టు తిరిగితేనే దాదాపు రెండు కిలోమీటర్లు, అదీ ముందు భాగమంతా దాటుకుని అక్కడికి చేరాక. ఐదేళ్ళ పిల్లలకి కూడా ఆ రోజు స్ట్రోలర్ ఉంటే మంచిదని నేను గట్టిగా చెబుతాను. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో చిన్నపిల్లల రైడ్లు చాలావరకు ఫాంటసీల్యాండ్ అనే ఒక్క భాగంలోనే దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి లోపల నడక కాస్త తక్కువ. రావడం, పోవడమే అక్కడ పెద్ద పని (దాని సంగతి నాలుగో అంశంలో చూద్దాం). యానిమల్ కింగ్‌డమ్‌లో చెట్ల నీడ బాగా ఉంటుంది కానీ దారులు మెలికలు తిరుగుతూ ఎత్తుపల్లాలుగా ఉంటాయి. బుల్లి చక్రాల స్ట్రోలర్‌ని అక్కడ తోయడం చేతులకి శ్రమే. హాలీవుడ్ స్టూడియోస్‌లో కూడా నడక కాస్త తక్కువే.

మీరు వెళ్తున్నది కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌కయితే సంగతి వేరు. అక్కడ రెండే పార్కులు, గేట్లు ఎదురెదురుగా ఉంటాయి. ఐదేళ్ళు దాటిన పిల్లలతో స్ట్రోలర్ లేకుండా నెట్టుకురావచ్చు.

దూరానికి ఎండ కూడా కలుపుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఓర్లాండోలో పగటి వేడి 32, 33 డిగ్రీల దాకా వెళ్తుంది. అంకె చూసి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఇదేం ఎండ అనుకుంటారు. కానీ అది మన కోస్తా ఉక్కపోత లాంటిది, ఒళ్ళంతా తడిసిపోతుంది. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన కూడా తరచుగా పడుతుంది. స్కూలు సెలవులు, తాతయ్య అమ్మమ్మల వీసా కలిసొచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే కాబట్టి మన కుటుంబాలు ఎక్కువగా ఈ వాతావరణంలోనే వెళ్తాయి.

2. ఇంటి దగ్గర రెండు రోజులు పరీక్షించండి

ట్రిప్‌కి ఒక నెల ముందు, ఏదో ఒక వారాంతంలో శనివారం, ఆదివారం వరసగా పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి. జూ, పెద్ద మాల్, మ్యూజియం, ఏదైనా సరే. స్ట్రోలర్ వద్దు, కారులో కూడా పెట్టుకోకండి. ఉంటే చేయి అటే పోతుంది.

మూడు విషయాలు గమనించండి. మొదటిసారి "ఎత్తుకో" అన్నది ఎన్ని గంటలకి? మధ్యాహ్నం నిద్ర మానేశాడని మీరు అనుకుంటున్న పిల్లవాడు అలసిపోయాక నిజంగా మేలుకునే ఉన్నాడా? రెండో రోజు మొదటి రోజంత హుషారుగా ఉన్నాడా? ఈ మూడోదే అసలైన పరీక్ష. ఒక్కరోజు ఉత్సాహంతో ఎవరైనా నడిచేస్తారు. డిస్నీ ట్రిప్పులు మూడు నాలుగు రోజులుంటాయి, పిల్లల కాళ్ళనొప్పులు రెండో రాత్రి బయటపడతాయి.

రెండు రోజులూ నాలుగైదు గంటలు మారాం చేయకుండా నడిచి, రాత్రి మామూలుగా నిద్రపోతే మీ పిల్లవాడు స్ట్రోలర్ లేకుండా వెళ్ళగలిగేవాళ్ళలో ఒకడు. మొదటి రోజు మధ్యాహ్నానికే చంకెక్కితే ఇక ఆలోచించక్కర్లేదు.

3. మోసే చేతులెన్నో లెక్కపెట్టండి

చాలామంది దీన్ని మర్చిపోతారు. "ఐదుగురు పెద్దవాళ్ళం ఉన్నాం, తలా కాసేపు ఎత్తుకుంటే సరిపోతుంది" అనుకుంటారు. ఆ ఐదుగురిలో అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు, తాతయ్యకి నడుం నొప్పి. ఒకరు పాల బాటిళ్ళ సంచీ పట్టుకుంటారు. మిగిలేది ఇద్దరు. నాలుగేళ్ళ పిల్లలు సుమారు పదహారు కిలోలుంటారు, నిద్రపోయాక ఆ బరువు ఇంకా ఎక్కువనిపిస్తుంది.

పెద్దవాళ్ళలో ఎవరికైనా వీల్‌చెయిర్ తీసుకునే ఆలోచన ఉంటే ఇంకో మాట. వీల్‌చెయిర్ తోసే మనిషి స్ట్రోలర్ తోయలేరు. రెండింటికీ ఇద్దరు కావాలి, ఆ ఇద్దరిలో ఎవరూ ఇంకో పిల్లవాడి చేయి పట్టుకోలేరు. అలాంటప్పుడు పెద్దవాళ్ళు తామే నడుపుకునే బ్యాటరీ బండి అద్దెకు తీసుకుంటే మీకొక మనిషి మిగులుతాడు. తాతయ్య మొహమాటపడి ముందు వద్దంటారు. ఒక గంట లోపల తిరిగాక మళ్ళీ అడిగి చూడండి.

ఇద్దరు పిల్లలుంటే, చిన్నవాడు రెండేళ్ళలోపు, పెద్దది ఐదేళ్ళలోపు అయితే డబుల్ స్ట్రోలరే మేలు. ఒక్క సీటు ఉంటే దానికోసం ఇద్దరూ కొట్లాడుకుంటారు, పెద్దదాన్నే దిగమంటాం, పాపం ఆ పిల్ల కాళ్ళు కూడా చిన్నవే కదా.

4. గేటు నుంచి మంచం దాకా దారిని మనసులో నడిచి చూడండి

అన్నింటిలోకీ ముఖ్యమైనది ఇదే, తొందరపడకుండా చేయండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో బాణసంచా అయిపోయిన వేళని ఊహించుకోండి. పార్కు నడుమ ఉన్న కోట ముందు నుంచి, గేటు దాకా వెళ్ళే మెయిన్ స్ట్రీట్ మీదుగా వేలమంది ఒకేసారి బయటికి కదులుతారు. మీరు సొంత కారులో వచ్చి ఉంటే కారు పార్కు పక్కన ఉండదు, సరస్సు అవతల ఉన్న టికెట్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్ దగ్గర ఉంటుంది. అక్కడికి మోనోరైలులో గానీ ఫెర్రీలో గానీ వెళ్ళాలి, దానికోసం లైనులో నిలబడాలి. దిగాక పార్కింగ్ లాట్‌లో మీ వరస దాకా వెళ్ళాలి. గేటు దాటిన దగ్గర్నుంచి కారు తలుపు తీసేదాకా గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ గంటంతా నిద్రపోయిన పిల్లవాణ్ణి భుజాన వేసుకుని నడవగలరా? అవును అనగలిగితే మీకు స్ట్రోలర్ అక్కర్లేదు. లేదంటే, గేటు బయటికి కూడా వచ్చే స్ట్రోలర్ కావాలి. పార్కు లోపల అద్దెకిచ్చేవి బయటికి రావు.

డిస్నీ హోటల్‌లో ఉంటే బస్సు గేటు దగ్గరికే వస్తుంది, అది పెద్ద సుఖం. కానీ బస్సు ఎక్కేటప్పుడు స్ట్రోలర్ మడవాల్సి వస్తుందనే సిద్ధపడండి. అంటే నిద్రపోతున్న పిల్లని తీసి, సంచులు తీసి, ఒక చేత్తో మడిచి, రెండో చేత్తో ఎక్కాలి. ఇంకా ఇద్దరు పెద్దవాళ్ళు లేకపోతే కష్టమే. మోనోరైలులో, ఫెర్రీలో మడవక్కర్లేదు, అలాగే తోసుకుంటూ ఎక్కొచ్చు.

నడిచి వెళ్ళగలిగే హోటల్ దొరికితే మొత్తం లెక్కే మారిపోతుంది. కాంటెంపరరీ హోటల్ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కి, బీచ్ క్లబ్, బోర్డ్‌వాక్ నుంచి ఎప్‌కాట్ వెనక గేటుకి కాలినడకన వెళ్ళొచ్చు. అక్కడుండి, మధ్యాహ్నం గదికొచ్చి రెండు గంటలు పడుకోబెట్టి సాయంత్రం మళ్ళీ వెళ్ళే కుటుంబానికి ఐదారేళ్ళ పిల్లలతో స్ట్రోలర్ లేకుండా హాయిగా గడుస్తుంది. ఆ హోటళ్ళ ఖరీదు మాత్రం ఎక్కువ.

5. ఇప్పుడు నిర్ణయం తీసుకోండి

మూడేళ్ళు నిండని పిల్లలకి స్ట్రోలర్ ఉండాల్సిందే. డిస్నీలో మూడేళ్ళలోపు పిల్లలకి ప్రవేశ టికెట్ అక్కర్లేదు కాబట్టి ఆ మిగిలిన డబ్బులో కొంత మంచి స్ట్రోలర్ మీద పెట్టండి.

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలే అందరికీ చిక్కుప్రశ్న. నా సలహా ఏమిటంటే, రెండు రోజుల కంటే ఎక్కువ ఉంటున్నా, ఎండాకాలమైనా, రాత్రి బాణసంచా దాకా ఉండాలనుకున్నా తీసుకెళ్ళండి. ఈ మూడింటిలో ఒక్కటి ఉన్నా చాలు. ఆరేళ్ళ వాళ్ళకి ఇంటి పరీక్ష చెప్పిందే తీర్పు. ఏడు దాటితే చాలామందికి అవసరం రాదు, అయితే ఆస్తమా, కాళ్ళ సమస్య, ఆటిజం ఉన్న పిల్లల విషయంలో వయసు చూడకండి. అలాంటి పిల్లల కోసం పార్కులో గెస్ట్ రిలేషన్స్ (సందర్శకులకి సాయం చేసే కౌంటర్) దగ్గరికి వెళ్ళి అడిగితే స్ట్రోలర్‌ని వీల్‌చెయిర్‌గా పరిగణించే ట్యాగ్ ఇస్తారు. దాంతో స్ట్రోలర్‌ని క్యూలోకి కూడా తీసుకెళ్ళొచ్చు. ఇది తెలియక అవస్థపడే తల్లిదండ్రులు ఎంతోమంది, దయచేసి అడగడానికి మొహమాటపడకండి.

నాలుగు నెలల పసిబిడ్డ సంగతి వేరు. మామూలు స్ట్రోలర్‌ని రైడ్ల క్యూలోకి రానివ్వరు, బయటే పెట్టాలి. లైనులో ముప్పై నలభై నిమిషాలు బిడ్డ మీ చేతిలోనే ఉంటుంది. కాబట్టి పసిపిల్లలకి ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ కూడా ఉండాలి. క్యారియర్ ఒక్కటే చాలనుకోవద్దు. ఆ ఉక్కలో రోజంతా గుండెకి కట్టుకుంటే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ చెమటకాయలు వస్తాయి.

ఐదేళ్ళ పిల్ల "నేను బేబీని కాదు" అని అలిగితే బలవంతం చేయకండి. స్ట్రోలర్‌లో సంచులు పెట్టి తోసుకెళ్ళండి. మధ్యాహ్నానికి సంచులు దించి తనే ఎక్కి కూర్చుంటుంది.

6. ఎవరి స్ట్రోలర్?

సొంతది ఉంటే దాన్ని మించింది లేదు, పిల్లలు అలవాటైన సీట్లో త్వరగా నిద్రపోతారు. ముందు టేపు పెట్టి కొలవండి. డిస్నీ నియమం ప్రకారం వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటకూడదు. ఈ నియమం 2019 మే 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని కూర్చోబెట్టి లాగే వ్యాగన్లను, స్ట్రోలర్‌లా తోసే వ్యాగన్లను కూడా రానివ్వరు. మన వాళ్ళలో చాలామంది దగ్గర సాకర్ గ్రౌండ్‌కి, బీచ్‌కి తీసుకెళ్ళే వ్యాగన్లు ఉన్నాయి. వాటిని కారులో వేసుకుని ఓర్లాండో దాకా వెళ్ళొద్దు, గేటు దగ్గరే ఆపేస్తారు.

విమానంలో వెళ్తే అమెరికా పెద్ద ఎయిర్‌లైన్స్ స్ట్రోలర్‌కి చార్జీ తీసుకోవు. విమానం తలుపు దాకా తోసుకెళ్ళి అక్కడ ఇవ్వొచ్చు, కానీ బరువు, సైజు పరిమితులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, చూసుకోండి. ఒక కవర్ సంచిలో వేసి ఇవ్వండి, చక్రాలు దెబ్బతినకుండా ఉంటాయి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా పిల్లలతో సెలవులకి వచ్చేవాళ్ళు రెండు మూడు విమానాలు మారాలి. ఎయిర్‌పోర్టుల్లోనే స్ట్రోలర్ అవసరం పడుతుంది, తెచ్చుకోండి. తేలికగా మడిచేది లేకపోతే ఓర్లాండోలో వాల్‌మార్ట్‌లోనో టార్గెట్‌లోనో ఒక అంబ్రెల్లా స్ట్రోలర్ (గొడుగులా మడిచే తేలికపాటి బండి) కొనుక్కోవచ్చు, అద్దె కంటే చవక. వాటిలో చాలావాటికి వెనక్కి వాలే సీటు ఉండదు, నీడ కూడా చిన్నదే. నాలుగేళ్ళ పిల్లలకి సరిపోతుంది, ఏడాది బిడ్డకి చాలదు.

పార్కు గేటు దగ్గర డిస్నీవాళ్ళే అద్దెకిస్తారు. కొన్నేళ్ళుగా సింగిల్‌కి రోజుకి 15 డాలర్లు, డబుల్‌కి 31 డాలర్లు తీసుకుంటున్నారు, ఒకేసారి ఎక్కువ రోజులకి కడితే కొంచెం తగ్గుతుంది. వెళ్ళేముందు ధర మళ్ళీ చూసుకోండి. అవి గట్టి ప్లాస్టిక్ బండ్లు, సీటు వాలదు, పసిబిడ్డలకి పనికిరావు. గేటు బయటికి తీసుకెళ్ళనివ్వరు అన్నది ముందే చెప్పాను. ఒక్కరోజు వెళ్ళే ఐదేళ్ళ పిల్లవాడికి, అదీ చీకటి పడకముందే బయటికొచ్చే కుటుంబానికి ఇది బాగానే ఉంటుంది.

మూడో దారి, బయటి కంపెనీల దగ్గర ట్రిప్ మొత్తానికీ అద్దెకు తీసుకోవడం. హోటల్‌కే తెచ్చిస్తారు, మెత్తటి సీట్లు, వానకవరు ఉంటాయి. నాలుగు రోజులకైతే పార్కు అద్దెకంటే ఇదే సుఖం. తెచ్చినప్పుడు మీరు హోటల్‌లో ఉండాలా, లేకపోయినా ఇచ్చి వెళ్తారా అన్నది బుక్ చేసేటప్పుడే అడగండి.

7. పార్కు లోపల స్ట్రోలర్‌తో

రైడ్ల దగ్గర స్ట్రోలర్లు పెట్టడానికి విడిగా చోటు ఉంటుంది. మీరు పెట్టిన చోటే అది ఉండకపోవచ్చు, అక్కడి సిబ్బంది వరసలు సర్దుతూ జరుపుతుంటారు. అద్దె బండ్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి మీ దానికి ఒక గుర్తు ఉండాలి. హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బనో పాత చున్నీ ముక్కో కడితే దూరం నుంచే కనిపిస్తుంది. పాస్‌పోర్టులు, పర్సు, ఫోను, మందులు దాంట్లో ఎప్పుడూ వదలకండి. డైపర్లు, నీళ్ళ సీసాలు ఉంచితే ఫరవాలేదు. వాన పడే నెలల్లో పెట్టి వెళ్ళేటప్పుడు సీటు మీద ఒక ప్లాస్టిక్ కవరు కప్పండి, తిరిగొచ్చేసరికి తడిసిన సీట్లో పిల్లవాడు కూర్చోనంటాడు.

హ్యాండిల్‌కి బరువైన సంచులు వేలాడదీసే అలవాటు చాలామందికి ఉంది. పిల్లవాడు దిగగానే స్ట్రోలర్ వెనక్కి పడిపోతుంది. ఒక్కోసారి పిల్లవాడు సీట్లో ఉండగానే పడుతుంది. బరువంతా కింద ఉన్న బుట్టలో పెట్టండి. ఇంకొకటి, ఎండ పడుతోందని స్ట్రోలర్ మొత్తాన్నీ దుప్పటితోనో చీరతోనో కప్పేయకండి. లోపల గాలి ఆడక వేడి వేగంగా పెరుగుతుంది, నిద్రపోతున్న బిడ్డ ఏడవను కూడా ఏడవకపోవచ్చు. స్ట్రోలర్ సొంత నీడ, దానికి తగిలించుకునే చిన్న బ్యాటరీ ఫ్యాన్, తడిపిన రుమాలు చాలు. తరచూ మెడ వెనక చేయి పెట్టి చూడండి.

తినే వస్తువులు లోపలికి తెచ్చుకోనిస్తారు. పులిహోర, పెరుగన్నం, చపాతీ చుట్టలు నిశ్చింతగా కింది బుట్టలో పెట్టుకోవచ్చు. గాజు సీసాలు, విడి ఐసు మాత్రం రానివ్వరు, గడ్డకట్టే ఐస్‌ప్యాక్‌లు వాడండి. ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంటుంది, పాలు పట్టడానికి, డైపర్ మార్చడానికి, ఏసీలో కాసేపు కూర్చోవడానికి. లోపలికి వెళ్ళగానే అది మ్యాప్‌లో ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

పిల్లవాడు స్ట్రోలర్‌లో నిద్రపోయాడా, లేపకండి. రైడర్ స్విచ్ అడగండి. ఎత్తు నిబంధన ఉన్న రైడ్లలో ఒకరు పిల్లవాడి దగ్గర ఉంటే మరొకరు ఎక్కి వస్తారు, తర్వాత రెండోవారు మొత్తం లైను మళ్ళీ నిలబడకుండా ఎక్కొచ్చు.

ఒకవేళ అన్నీ ఆలోచించి స్ట్రోలర్ వద్దనుకునే వెళ్ళారు, మధ్యాహ్నం రెండింటికి పిల్ల నేల మీద కూర్చుని కదలనంటోంది అనుకోండి. మాట నెగ్గించుకోవడానికి మోసుకుంటూ తిరగొద్దు. ఒకరు పిల్లతో నీడలో కూర్చోండి, ఇంకొకరు గేటు దగ్గరికి వెళ్ళి ఒక బండి అద్దెకు తీసుకురండి. రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి. అదే రోజు ఇంకో పార్కుకి మారితే, అక్కడ అది చూపించి మళ్ళీ డబ్బు కట్టకుండా ఇంకోటి తీసుకోవచ్చు.